ఇరవై వాట్ల హెడ్‌కి ఏ బాక్స్ పెట్టాలి?

గిటార్లు, ఆంప్‌ల గురించి పాఠకుల ప్రశ్నలకు విశాఖపట్నం టెక్నీషియన్ జవాబులు

ప్రశ్న: నమస్తే అన్నా. మాది విజయవాడ. ఉద్యోగం చేసుకుంటూ గిటార్ వాయిస్తాను. మా బావ అమెరికా నుంచి వస్తూ 20 వాట్ల వాల్వ్ హెడ్, అంటే గాజు వాల్వ్‌లతో నడిచే, స్పీకర్ లేని ఆంప్, తెచ్చిపెట్టాడు. వెనక 16 ఓమ్స్, 8 ఓమ్స్ అని రెండు స్పీకర్ సాకెట్లున్నాయి. స్పీకర్ బాక్స్ మాత్రం లేదు. హైదరాబాద్‌లో ఒక బ్యాండ్ వాళ్ళు నాలుగు 12 ఇంచుల స్పీకర్లున్న పాత ఫోర్ బై ట్వెల్వ్ బాక్స్ తక్కువకి ఇస్తామంటున్నారు. ఇంట్లో నాన్నగారి ఫంక్షన్ల సౌండ్ బాక్సులు ఊరికే పడి ఉన్నాయి. అవి రెండూ కాకపోతే 12 ఇంచుల స్పీకర్ ఒకటే ఉన్న కొత్త బాక్స్ కొనాలి. దానిమీద 60 వాట్లు అని ఉంది. నాది 20 వాట్లే కదా, దాన్ని నడపగలదా? ఎక్కువగా మా ఫ్లాట్‌లోనే వాయిస్తాను, రెండో అంతస్తు. ఆదివారాలు ఫ్రెండ్ వాళ్ళ గోడౌన్‌లో డ్రమ్స్‌తో. ఏదైనా కాలిపోతుందేమోనని టెన్షన్. ఇంతవరకూ ఆన్ చెయ్యలేదు.

— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తమ్ముడూ, ఆన్ చెయ్యకుండా ఆగి చాలా మంచి పని చేశావు. నువ్వడిగినది బాక్స్ గురించే అయినా, ముందు హెడ్‌ని వెనక్కి తిప్పి పవర్ కార్డు దూర్చే చోట ఏం రాసుందో చదువు. అమెరికాలో అమ్మేవాటి మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటుంది. మన ప్లగ్గులో వచ్చేది 230 వోల్టులు. నేరుగా పెడితే ఒక్క క్షణం చాలు. కొన్ని హెడ్‌లకు లోపల వైర్లు మార్చి 230కి కుదిర్చే వీలుంటుంది, అది టెక్నీషియన్ చూసి చెప్పాలి. లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొను. నీ హెడ్ మీద రాసున్న వాడకానికి కనీసం రెట్టింపు తట్టుకునేదై ఉండాలి. మూడో పిన్ను, అంటే ఎర్త్, తప్పకుండా ఉండాలి. ఎర్త్ లేని అడాప్టర్ పెట్టి గిటార్ తీగల మీద చెయ్యి వెయ్యొద్దు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. వాల్వ్ ఆంప్‌కి బాక్స్ తగిలించకుండా వాయించకూడదు. వాల్వ్‌ల దగ్గర వోల్టేజి ఎక్కువ, కరెంటు తక్కువ. స్పీకర్‌కి కావలసింది దానికి తలకిందులు. ఆ మార్పు చేసేది లోపలి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. అవతల స్పీకర్ లేకపోతే ఆ శక్తికి పోయే దారి ఉండదు, వోల్టేజి ఎగదన్ని దాని తీగచుట్ట (వైండింగ్) మీదే పడుతుంది.

ఇది పుస్తకం చూసి చెప్పడం లేదు. నేను ఈ పని మొదలుపెట్టిన కొత్తలో, ఒక కాలేజీ ఫెస్ట్‌లో ఒక కుర్రాడి వాల్వ్ హెడ్‌ని నేనే అమర్చాను. హెడ్‌కీ బాక్స్‌కీ మధ్య వెయ్యాల్సిన కేబుల్ కనపడలేదు. టైమైపోతోందని చేతికందిన గిటార్ కేబుల్ పెట్టేశాను. రెండింటికీ జాక్ ఒకటే కదా, దూరింది. మూడో పాటలో శబ్దం ఆగిపోయింది. కేబుల్ జాక్ దగ్గర తెగిందని మాకు తెలియదు. శబ్దం రావట్లేదని ఆ కుర్రాడు వాల్యూమ్ పెంచుతూ పోయాడు. కాసేపటికి వార్నిష్ మాడిన వాసన వచ్చింది. మర్నాడు బల్ల మీద విప్పితే, వాల్వ్ సాకెట్‌లో రెండు పిన్నుల మధ్య పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లచార. నిప్పురవ్వ దూకిన జాడ అది. ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ కూడా పోయింది. అది ఆ అబ్బాయి మొదటి జీతాలు కూడబెట్టి కొన్నది. వైండింగ్ నా ఖర్చుతోనే చేయించి ఇచ్చాను గానీ, అతను ఆ రోజు స్టేజి మెట్ల మీద కూర్చున్న తీరు ఇంకా మర్చిపోలేదు. అందుకే ఎవరు హెడ్ తెచ్చినా బాక్స్ కంటే ముందు కేబులే అడుగుతాను. జాక్ మూత విప్పి చూడు. సమానంగా లావుపాటి తీగలు రెండు ఉంటే అది స్పీకర్ కేబుల్. మధ్యలో సన్నతీగ ఒకటి, దాని చుట్టూ జడలా అల్లిన రాగి ఉంటే అది గిటార్ కేబుల్. రెండోది ఇక్కడ వాడకూడదు.

ఇక ఓమ్స్, అంటే కరెంటుకి స్పీకర్ చూపే అడ్డు. బాక్స్ వెనక 16 అని ఉంటే 16 సాకెట్, 8 అని ఉంటే 8 సాకెట్. నీ హెడ్ వరకు లెక్క ఇంతే. అంకెకు అంకె కలవాలి. ట్రాన్సిస్టర్ ఆంప్‌ల సంగతి వేరు. వాటి మీద రాసిన అంకె కంటే తక్కువ ఓమ్స్ పెట్టకూడదు, ఎక్కువ పెడితే కాస్త తగ్గి మోగుతాయి, అంతే. ఆ సూత్రం ఎవరైనా నీ వాల్వ్ హెడ్‌కి చెబితే వినొద్దు.

ఇప్పుడు నీ అసలు అనుమానం. 60 వాట్లు అన్నది ఆ స్పీకర్ ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. ఎంత మోగుతుందో చెప్పేది కాదు. పది టన్నుల లారీలో రెండు టన్నుల ధాన్యం వేస్తే లారీ కదలనంటుందా? నిజానికి నీకు కావలసింది 20కి బాగా పైన తట్టుకునే స్పీకరే. ఎందుకంటే వాల్వ్ ఆంప్ మీద రాసిన 20 వాట్లు శుభ్రంగా మోగినప్పటి లెక్క. నాబ్‌లన్నీ చివరికంటా తిప్పి, శబ్దం చిట్లి గరగరలాడే డిస్టార్షన్‌లో వాయిస్తే అంతకు చాలా మించి తోస్తుంది.

ఎంత మోగుతుందో చెప్పేది సెన్సిటివిటీ అనే అంకె. ఒక వాట్ ఇచ్చి, ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వచ్చాయో కొలుస్తారు. ఇంగ్లండ్‌లోని సెలెస్టియన్ కంపెనీ స్పీకర్లే తీసుకో. వాళ్ళ వింటేజ్ 30కి ఈ అంకె 100. జి12టి-75కి 97. చూడ్డానికి మూడే తేడా. కానీ 3 డెసిబెల్స్ అంటే ఆంప్ వాట్లు రెట్టింపు చేసినంత. వింటేజ్ 30లో నీ 20 వాట్లు మోగినంత గట్టిగా ఆ రెండోదానిలో మోగాలంటే 40 వాట్లు కావాలి. మళ్ళీ తట్టుకునే లెక్కలో చూస్తే వింటేజ్ 30 అరవై వాట్లది, రెండోది 75 వాట్లది. వాట్లు ఎక్కువున్నది తక్కువ మోగుతోంది, చూశావా. అన్నట్టు, వింటేజ్ 30 అన్న పేరులోని 30ని వాట్లనుకుని వెనక్కి తగ్గినవాళ్ళు నాకు తెలుసు. అది పేరు మాత్రమే.

నాన్నగారి బాక్సులు పక్కన పెట్టేయి. వాటిలో తప్పేం లేదు, పాటకీ మాటకీ చేసినవి. కానీ వాటిలో ట్వీటర్ ఉంటుంది, పైస్థాయి దాకా అన్నీ వినిపించడం దాని పని. గిటార్ స్పీకర్ కావాలనే 5,000 హెర్ట్జ్ దాటాక చేతులెత్తేస్తుంది. గిటార్ లావుతీగ వదిలి మీటితే 82 హెర్ట్జ్. అక్కణ్ణుంచి ఆ ఐదు వేల దాకానే దాని రాజ్యం. డిస్టార్షన్ వేసినప్పుడు పుట్టే గరగర అంతా ఆ పైనే ఉంటుంది. గిటార్ స్పీకర్ దాన్ని వడగట్టేస్తుంది. ట్వీటర్ వడగట్టదు, తేనెపట్టు కదిలినట్టు వినిపిస్తుంది. ఎలక్ట్రిక్ గిటార్ శబ్దం అని మన చెవికి అలవాటైనదాంట్లో స్పీకర్ పాలు చాలా పెద్దది. గిటార్‌లో పికప్‌లు మార్చి, పెడల్స్ మార్చి, చివరికి స్పీకర్ మార్చాక "ఇదే అన్నా నేను వెతుకుతున్నది" అన్నవాళ్ళు నా దగ్గరకి ఎంతోమంది వచ్చారు.

ఫోర్ బై ట్వెల్వ్ మీద మనసు లాగుతుంది, నాకు తెలుసు. స్టేజి మీద అలాంటిది వెనక నిలబడి ఉంటే ఆ ధైర్యమే వేరు. అయితే అది ఎందుకు పుట్టిందో తెలిస్తే నీ నిర్ణయం తేలికవుతుంది. లండన్ పడమట హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ అనే డ్రమ్మర్ సంగీత వాయిద్యాల కొట్టు నడిపేవాడు. 1962లో ఆయన మనుషులు అమెరికా ఫెండర్ బాస్‌మన్‌ని నమూనాగా పెట్టుకుని తమ మొదటి ఆంప్ తయారుచేశారు. బాస్‌మన్‌లో ఆంప్, నాలుగు 10 ఇంచుల స్పీకర్లు ఒకే పెట్టెలో, వెనక తెరిచి ఉంటాయి. వీళ్ళు హెడ్‌ని విడదీసి, నాలుగు 12 ఇంచుల సెలెస్టియన్లను వెనక మూసిన పెట్టెలో పెట్టారు. నాలుగు ఎందుకంటే, ఆ రోజుల స్పీకర్లు ఒక్కోటి 15, 20 వాట్లకు మించి తట్టుకునేవి కావు. పైగా హాళ్ళు పెద్దవవుతున్నాయి, అప్పటి మైకులు గొంతు వరకే. గిటార్ వెనక వరసకి చేరాలంటే ఆ బాక్సే చేర్చాలి. ఈ అవసరాలేవీ నీకు లేవు. ఇప్పుడు ఒక్క స్పీకరే 60 వాట్లు తట్టుకుంటుంది, పెద్ద స్టేజి అయితే దాని ముందు మైకు పెడతారు. ఆ బాక్సేమో 36 కిలోల దాకా ఉంటుంది. రెండో అంతస్తుకి ఎక్కించడం, ప్రతి ఆదివారం దించడం ఎవరివల్ల అవుతుంది?

అయినా హైదరాబాద్ వెళ్ళి చూడాలనిపిస్తే మల్టీమీటర్ పట్టుకెళ్ళు. 16 ఓమ్స్ బాక్స్ అయితే మీటర్లో 12, 13 దగ్గర కనపడాలి. 8 దైతే 6, 7. రాసిన అంకె కంటే కొంచెం తక్కువ చూపించడమే సరైనది. మరీ తేడాగా ఉంటే లోపల ఒక స్పీకర్ పోయిందనో, వైరింగ్ మార్చారనో అర్థం. వెనక పలక విప్పించు. మన దగ్గర చిరిగిన స్పీకర్‌కి లోకల్ కోన్ (ముందుండే కాగితపు గరాటు) వేయించడం మామూలే. నాలుగింటిలో రెండు అలా మారి ఉంటే పైన బ్రాండు చూసి డబ్బివ్వకు. కోన్ మధ్య బొడిపెకి రెండు పక్కలా వేళ్ళు ఆనించి సమానంగా, మెత్తగా లోపలికి నొక్కు. నిశ్శబ్దంగా కదలాలి. ఇసుక రాసినట్టు వినిపిస్తే లోపలి తీగచుట్ట (కాయిల్) రాసుకుంటోంది, వదిలేసి వచ్చెయ్.

కాబట్టి ఒకటే స్పీకర్ ఉన్న కొత్త బాక్సే కొను. అందులో ఏ స్పీకర్ ఉందో నువ్వు రాయలేదు, అది అడుగు. వింటేజ్ 30 అయితే గొంతు ముందుకొస్తుంది. గోడౌన్‌లో డ్రమ్స్ మధ్య కూడా నీ ప్రతి స్వరం తెలుస్తుంది. ఫ్లాట్‌లో మాత్రం అదే గొంతు కొంచెం కరుకు. గ్రీన్‌బ్యాక్ అనే జి12ఎం మెత్తన, నాకు చాలా ఇష్టమైన స్పీకర్. కానీ అది 25 వాట్లదే. ఒక్కదాన్నే నీ హెడ్‌కి పెట్టి గట్టిగా వాయించమని నేను చెప్పలేను. అదే స్వభావం ఉండి 65 వాట్లు తట్టుకునే జి12ఎం-65 క్రీమ్‌బ్యాక్ ఉంది. దొరికితే నా ఓటు దానికే. సెన్సిటివిటీ కాస్త తక్కువ, ఫ్లాట్‌లో అది వరమే. వాల్యూమ్ నాబ్ ఇంకో రెండు అంకెలు పైకి తిప్పుకోవచ్చు, వాల్వ్ ఆంప్ అక్కడే తియ్యగా పలుకుతుంది. దానికి 20 వాట్లు పూర్తిగా ఇచ్చినా లెక్క ప్రకారం ఒక మీటరులో 110 డెసిబెల్స్ వస్తుంది, గోడౌన్‌కి ధారాళం.

కొనేటప్పుడు 16 ఓమ్స్‌దే అడుగు. దీనికి కారణముంది. రేపు ఇంకో బాక్స్ చేర్చాలనిపిస్తే, రెండు 16లు పారలల్‌లో కలిస్తే 8 అవుతుంది. నీ హెడ్‌కి 8 ఓమ్స్ సాకెట్ ఉంది కదా, సరిపోతుంది. ఇప్పుడు 8 ది కొంటే, రెండోది అదే పద్ధతిలో చేర్చిన రోజున 4 అవుతుంది. దానికి నీ హెడ్‌లో చోటు లేదు.

వెనక తెరిచినదా మూసినదా అనేది కూడా చూసుకో. తెరిచినదైతే శబ్దం గదంతా పరుచుకుంటుంది. ఫెండర్ డీలక్స్ రివర్బ్, వాక్స్ ఏసీ30 అలాంటివే. కానీ వెనకనుంచి వచ్చే గాలి ముందు గాలిని కొంత చెరిపేస్తుంది కాబట్టి బేస్ తగ్గుతుంది. పైగా గోడకి రెండు అడుగులైనా ఎడం కావాలి. మన ఫ్లాట్లలో పడగ్గది పదడుగులు, అందులో మంచం, బీరువా. ఆ రెండడుగులు ఎక్కణ్ణుంచి తెస్తావు? డిస్టార్షన్ వాయించేవాడివైతే మూసినదే తీసుకో. కింద ఫ్లాట్ వాళ్ళకోసం నేల మీద నేరుగా పెట్టకుండా ఒక బొంత మడతపెట్టి స్టూల్ మీద వెయ్యి, దాని మీద బాక్స్ పెట్టు.

స్టూల్ నీ చెవుల కోసం కూడా. 12 ఇంచుల స్పీకర్ ట్రెబుల్‌ని టార్చిలైటులా ఎదురుగా వేస్తుంది. బాక్స్ నేల మీద ఉంటే ఆ వెలుగు నీ మోకాళ్ళ మీద పడుతుంది. నీకు మొద్దుగా వినిపిస్తుంది, ట్రెబుల్ పెంచుతావు. ఎదురు సోఫాలో కూర్చున్న అమ్మకి మాత్రం చెవిలో సూది గుచ్చినట్టుంటుంది. నా దగ్గరకి వచ్చినవాళ్ళని తక్కువ వాల్యూమ్‌లో వాయిస్తూ ఒక్క నిమిషం బాక్స్ ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చోమంటాను. చెప్పకుండానే చెయ్యి ట్రెబుల్ నాబ్ మీదకి పోతుంది, తగ్గించడానికి.

ప్రశ్న: నేను వడ్రంగిని. మా అబ్బాయి 12 ఇంచుల గిటార్ స్పీకర్ కొన్నాడు, పెట్టె నన్ను చెయ్యమంటున్నాడు. మామూలు డీజే బాక్సులకి వాడే చెక్కపొట్టు బోర్డు సరిపోతుందా?

— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ చేతుల్లో ఉన్న పని, తప్పకుండా చేసిపెట్టండి. చెక్కపొట్టు బోర్డు మాత్రం వద్దండి. సముద్రపు గాలికి అంచులు ఉబ్బిపోతాయి, స్క్రూలు పట్టు వదులుతాయి. మంచి పేరున్న కంపెనీలు బిర్చ్ ప్లై వాడతాయి. మనకి 18 ఎం.ఎం. మెరైన్ ప్లై చాలు. గిటార్ పెట్టెకి లోపలి ఘనపరిమాణం హైఫై పెట్టెలంత కచ్చితంగా ఉండక్కర్లేదు. దానికంటే గట్టిదనం ముఖ్యం. మూలలు జిగురుతో, పళ్ళు కలిపి బిగించండి, ఆ పని మీకు నేను చెప్పేది కాదు.

స్పీకర్ రంధ్రం కొలత చాలా సెలెస్టియన్లకి 283 ఎం.ఎం., కానీ స్పీకర్ చేతిలో పెట్టుకుని కొలిచాకే కొయ్యండి. స్పీకర్‌ని చెక్కలోకి నేరుగా స్క్రూలతో బిగించకుండా వెనక నట్టు వేసి బోల్టుతో బిగించండి, మళ్ళీ మళ్ళీ విప్పాల్సి వస్తుంది. వెనక పలకకి స్క్రూలు దగ్గర దగ్గరగా వెయ్యండి. ముందు వేసే గుడ్డ కొనేముందు నోటికి అడ్డం పెట్టుకుని ఊదండి. అవతల చేతికి గాలి తగలాలి. పూర్తయ్యాక మీ అబ్బాయిని లావుతీగ మీద ఒక్కో మెట్టూ నెమ్మదిగా పైకి వాయించమనండి. ఎక్కడో ఒక స్వరం దగ్గర ఏదో ఒకటి టకటకలాడుతుంది. ఆ చోటు వెతికి బిగిస్తే పెట్టె సిద్ధమైనట్టే.

ప్రశ్న: మా చర్చిలో గిటార్ వాయించే పిల్లలు మల్టీ ఎఫెక్ట్స్ మెషిన్ నుంచి నేరుగా మిక్సర్‌కి ఇస్తారు. వాళ్ళకి వేరే గిటార్ క్యాబినెట్ కొనాలా?

— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అక్కర్లేదమ్మా. ఆ మెషిన్ లోపలే క్యాబినెట్ శబ్దాన్ని అనుకరించే ఏర్పాటు ఉంటుంది. దాన్ని ఆన్‌లో పెట్టి మీ హాలు బాక్సులకే ఇమ్మనండి. గరగరగా ఉందంటే అది ఆఫ్‌లో ఉందని అర్థం. ఆ డబ్బుతో పిల్లలకి వినపడేలా ఒక మానిటర్ స్పీకర్ కొనిపెట్టండి.

ప్రశ్న: నా దగ్గరున్న బాక్స్‌కి, అదే ఓమ్స్ ఉన్న ఇంకో బాక్స్ చేర్చాను. రెండూ విడివిడిగా బాగున్నాయి. కలిపి పెడితే బేస్ మాయమవుతోంది. ఆంప్ చెడిందా?

— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆంప్ బాగానే ఉంది తమ్ముడూ. ఒక బాక్స్‌లో ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. ఒక స్పీకర్ గాలిని ముందుకి తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతోంది, రెండూ కలిసి బేస్‌ని చెరిపేస్తున్నాయి. ఆంప్ ఆఫ్ చేసి, బాక్స్ కేబుల్ ఊడదీసి, ఆ కేబుల్ చివరి జాక్‌కి గోడగడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్ తాకించు. జాక్ మొనకి సెల్ ప్లస్, మొదలుకి మైనస్. ఒక్క క్షణం తాకించి తీసెయ్యాలి. కోన్ ముందుకి దూకితే ఆ బాక్స్ సరిగ్గా ఉంది. లోపలికి పోతే, వెనక పలక విప్పి స్పీకర్ మీది రెండు వైర్లూ అటుదిటు మార్చు. ఒకే బాక్స్‌లో రెండు స్పీకర్లుంటే రెండింటినీ చూడు, ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ పోతుంటే తేడా ఉన్నదాన్నే మార్చు. ముందున్న గుడ్డ వల్ల కోన్ కనపడకపోతే మొబైల్ టార్చ్ పక్కనుంచి వేసి చూడు, కదలిక తెలుస్తుంది.